వాగు పొంగితే టపా బంద్

జూలూరుపాడు: హిమాలయ పర్వత గ్రామాలకు శీతాకాలంలో మంచు అడ్డుపడుతుంది. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో సముద్రమట్టానికి 4,400 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హిక్కిం తపాలా కార్యాలయం చలికాలంలో మూతపడుతుంది. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు పల్లెలకు మంచు బెడద లేదు. అక్కడ అడ్డుపడేది వాగు. జూన్ మొదలు అక్టోబరు వరకు ఏ రాత్రి ఎగువన వర్షం కురిసినా మరునాటి తపాలా సంచి వాగు ఇవతలే ఆగిపోవచ్చు. కిన్నెరసాని, ముర్రేడు, తాలిపేరు, గుండాల వైపు మల్లన్నవాగు, వీటిలో కలిసే పేరులేని వర్రెలు కూడా తమ వంతు అడ్డుపడతాయి.

ఆ సంచిలో వచ్చేవి కుశల ప్రశ్నల ఉత్తరాలు మాత్రమే అయిన రోజులు గతించాయి. భూమి రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ పూర్తయిన రైతుకు పట్టాదారు పాసుపుస్తకం తపాలాలోనే వస్తుంది. డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు ఏటీఎం కార్డు, ఉద్యోగ నియామక పత్రం, కోర్టు నోటీసు కూడా ఆ దారినే రావాలి. చీర గానీ చెప్పులు గానీ నాలుగు రోజులు ఆలస్యమైతే విసుగు కలుగుతుంది, అంతే. గడువు తేదీ ఉన్న కాగితం ఆలస్యమైతే అవకాశమే చేజారుతుంది. పార్సిళ్ల సమస్యను పట్టణ దృష్టితో చూసేవారు సాధారణంగా ఈ తేడాను గుర్తించరు.

తల్లాడ నుంచి కొత్తగూడెం వెళ్లే రహదారిపై ఉన్న జూలూరుపాడు, 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఖమ్మం జిల్లా నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి మారింది. హైదరాబాద్ నుంచి మండల కేంద్రం వరకు పార్సిల్ ప్రయాణంలో పెద్ద చిక్కు లేదు. దారి పొడవునా రైలు ఉంది, లారీ ఉంది, బస్సు ఉంది. కొత్తవారిని తికమకపెట్టే విషయం మాత్రం ఒకటుంది. ‘భద్రాచలం రోడ్డు’ రైల్వేస్టేషన్ భద్రాచలంలో లేదు, కొత్తగూడెంలో ఉంది. రైలు దిగిన సరుకు అక్కడి నుంచి సుమారు 40 కిలోమీటర్లు రోడ్డున వెళ్లి, గోదావరి వంతెన దాటితే గానీ భద్రాచలం చేరదు. 1965లో ప్రారంభమైన ఆ వంతెనపై 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటిన వేళ రాకపోకలు నిలిపివేయవలసి వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే జారీ చేస్తారన్నది గమనార్హం.

అసలు చిక్కు చివరి ఐదారు కిలోమీటర్లలో ఉంది. ఉప తపాలా కార్యాలయానికి చేరిన సంచి అక్కడి నుంచి గ్రామంలోని బ్రాంచి పోస్టాఫీసుకు, ఆ తరువాత తండాలకు, గుంపులకు వెళ్లాలి. దానిని మోసుకెళ్లేది గ్రామీణ డాక్ సేవకులు. వీరు తపాలా శాఖలో శాశ్వత ఉద్యోగులు కారు. రోజుకు నాలుగైదు గంటల పని లెక్కన భత్యం పొందేవారు. కమలేశ్ చంద్ర కమిటీ సిఫార్సుల అనంతరం 2018 జులై 1 నుంచి అమలైన స్కేళ్ల ప్రకారం, డాక్ సేవకునికి నాలుగు గంటల పనికి ప్రారంభ భత్యం నెలకు రూ.10,000, ఐదు గంటల పనికి రూ.12,000. దీనికి కరవు భత్యం అదనం. కాగితంపై గంటలు నాలుగే అయినా, వాగు తీయడానికి ఒడ్డున నిరీక్షించే సమయాన్ని లెక్కించేవారెవరు? ప్రవాహంలో ప్రాణాలకు తెగించి సంచి దాటించమని ఏ నిబంధనా చెప్పదు, చెప్పకూడదు కూడా. అందుచేత ఆలస్యానికి డాక్ సేవకుని నిందించడం న్యాయం కాదు.

వాగు కంటే మొండి అడ్డంకి గడువు. చిరునామాదారు దొరకని వస్తువును తపాలా కార్యాలయంలో సాధారణంగా ఏడు రోజులు ఉంచి, ఆపై పంపినవారికి తిప్పి పంపుతారు. పట్టణవాసికి ఏడు రోజులు ధారాళం. వారానికొక్కసారి సంతకు దిగివచ్చే గిరిజన కుటుంబానికి, అందునా ఆ వారమంతా వాన పడితే, అది చాలదు. పాసుపుస్తకమో, కార్డో తిరిగి వెళ్లిపోయాక దాని కోసం కార్యాలయాల చుట్టూ తిరగడం మరో ప్రయాస. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్‌పోస్టులో విలీనం చేశారు. పేరులో వేగం చేరింది గానీ, చివరి దారిలో నడిచే మనిషి మారలేదు.

ప్రైవేటు కొరియర్ల తీరు వేరు. లాభం గిట్టని పిన్‌కోడ్‌ను అవి జాబితాలోనే చేర్చవు, చేర్చినా మండల కేంద్రానికి వచ్చి ఫోను చేస్తాయి. పార్సిల్ అప్పగించాలంటే ఓటీపీ చెప్పాలి. సిగ్నల్ లేని గూడెంలో ఓటీపీ ఎక్కడిది? ఫలితంగా ‘వినియోగదారు అందుబాటులో లేరు’ అని నమోదై పార్సిల్ వెనక్కు మళ్లుతుంది. రోడ్డు పక్కన ఉన్న కిరాణా దుకాణం చిరునామా ఇచ్చి, సంతనాడు తెచ్చుకోవడం పల్లెవాసులు తామే కనిపెట్టుకున్న ఉపాయం. ఆర్టీసీ 2020 జూన్‌లో ప్రారంభించిన కార్గో, పార్సిల్ సేవ ఈ ప్రాంతానికి కొంత ఊరట. 2022 నుంచి భద్రాద్రి రాములవారి కల్యాణ తలంబ్రాలను సైతం ఆ సంస్థ భక్తుల ఇళ్లకు చేరుస్తోంది. భద్రాచలం నుంచి రాజధానిలోని ఇంటికి తలంబ్రాలు చేరుతున్నాయి. ఎదురు దిశలో, అడవిలోని ఇంటికి మందుల పెట్టె చేరడమే కష్టం.

చిరునామా మరొక సమస్య. 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన ఆరంకెల పిన్‌కోడ్ పంపిణీ చేసే పోస్టాఫీసును చూపుతుంది గానీ ఇంటిని చూపదు. ఒకే సంఖ్య కింద అనేక ఊళ్లు, వాటి చుట్టూ తండాలు, గుంపులు ఉంటాయి. ఇంటి నంబరు లేని చోట పెద్దమనిషి పేరే గుర్తు. తపాలా శాఖ 2025 మే నెలలో ఐఐటీ హైదరాబాద్, ఇస్రో పరిధిలోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి ‘డిజిపిన్’ను తెచ్చింది. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల గళ్లుగా విభజించి, ఒక్కో గడికి పది అక్షరాల సంకేతం ఇచ్చారు. గూడెం చివరి గుడిసెనూ ఇది ఖచ్చితంగా చూపగలదు. అయితే వాగుపై కల్వర్టు వేయలేదు.

ఈ సీమలో టపాకు సరిహద్దులు కొత్త కాదు. గోదావరికి ఇవతలి ఖమ్మం ప్రాంతం నిజాం ఏలుబడిలో, అవతలి భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో నదికి రెండు వైపులా రెండు తపాలా వ్యవస్థలు నడిచాయి. నిజాం సంస్థానానికి 1869 నుంచీ సొంత తపాలా బిళ్లలు ఉండేవి. 1950లో ఆ శాఖ భారత తపాలాలో కలిసింది. భద్రాచలం ప్రాంతం 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో విలీన మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లడంతో భద్రాచలం పట్టణం చుట్టూ రాష్ట్ర సరిహద్దు మళ్లీ లేచింది.

డ్రోన్లతో మందులు పంపే ప్రయోగాన్ని 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో ప్రారంభించారు. వర్షం, ఈదురుగాలి ఉన్న రోజునే అడవి పల్లెకు దాని అవసరం కలుగుతుంది. ఆ రోజునే డ్రోను ఎగరడం కష్టం. దానికంటే చౌకైన మార్గాలు చేతిలోనే ఉన్నాయి. వర్షాకాలం నాలుగు నెలలూ ఏజెన్సీ పిన్‌కోడ్లకు ఏడు రోజుల గడువును పొడిగించడం, సంతరోజున సంత వద్దనే పంపిణీ చేయడం, వాగుకు అవతల మరొక డాక్ సేవకునికి సంచి అందజేసే ఏర్పాటు చేయడం వంటివి యంత్రాంగం పరిశీలించదగినవి.

1898 నాటి చట్టం స్థానంలో 2024 జూన్ 18న అమలులోకి వచ్చిన తపాలా కార్యాలయ చట్టం సైతం, నిర్దేశించిన మేరకు తప్ప శాఖపై బాధ్యత మోపదు. అందుచేత పరిహారంపై ఆశ పెట్టుకోవడం కంటే వస్తువు తిరిగి వెళ్లకముందే కదలడం ప్రయోజనకరం. పార్సిల్ జాడను రసీదుపై ఉన్న 13 అక్షరాల సంఖ్యతో తెలుసుకోవచ్చు. ఫిర్యాదులకు తపాలా శాఖ ఉచిత ఫోన్ నంబరు 1800 266 6868.