వీలునామా: సగం ఇంగ్లీషు, సగం పారసీ

కాసిపేట, మందమర్రి గని కాలనీల్లో రిటైరైన కార్మికుడి గురించి ‘వీలునామా రాసిండు’ అంటే ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. ఇందులోని ‘వీలు’ వీలు చూసుకునే వీలు కాదు, ఇంగ్లీషు ‘విల్’. ‘నామా’ పారసీ మాట. పత్రమని అర్థం. రాజీనామా, పంచనామాల్లో ఉన్నదీ అదే.

నిజాం కచేరీల ఉర్దూలో దీని పేరు వసీయత్‌నామా. పోయినవారి కోరిక నెరవేర్చే బాధ్యుణ్ణి ముస్లిం ధర్మశాస్త్రం ‘వసీ’ అంటుంది. వసీయత్, వసీ ఒకే అరబీ ధాతువు నుంచి పుట్టాయి. ఇంత పొట్టి, చక్కని మాట తెలుగులో నిలవకపోవడం లోటే. మనకు ‘ఎగ్జిక్యూటర్’ మిగిలాడు.

ఎగ్జిక్యూటర్ పోయినవారి అప్పులు తీర్చాలి, మిగిలిన ఆస్తిని రాసిన ప్రకారం పంచాలి. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామాపై కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

వీలునామా నిజమైనదేనని కోర్టు ధ్రువీకరించి ఇచ్చేదే ప్రొబేట్. ‘రుజువు చేయడం’ అనే అర్థమున్న లాటిన్ మాట దాని మూలం. దాన్ని వీలునామాలో పేరున్న ఎగ్జిక్యూటర్‌కే ఇస్తారు. ఎవరి పేరూ రాయకపోతే ‘లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్’ కోసం వేరే దరఖాస్తు పెట్టుకోవాలి.