నాలుగేళ్లు వస్తుందా?

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఎక్కడంటే కొందరు తడుముకుంటారు. సీటీసీ అంటే ఆటోవాళ్లందరికీ తెలుసు. తొంభైల చివర్లో కంప్యూటర్లు బిగించడానికి నేను స్క్రూడ్రైవర్ పట్టింది అక్కడే. ఎంసెట్ కౌన్సెలింగ్ అయిపోయిందంటే మాకు సీజన్. తండ్రీ కొడుకూ కలిసి వచ్చేవారు. తండ్రి కళ్లు కొటేషన్‌లో చివరి అంకె మీదే ఉండేవి. ఆయన అటు తిరగ్గానే కొడుకు నా చెవిలో, "అన్నా, గ్రాఫిక్స్ కార్డు వెయ్యి, ఆటోక్యాడ్‌కి కావాలని నాన్నతో చెప్పు" అనేవాడు. ఆ ఆటోక్యాడ్ అసలు పేరు క్వేక్ గేమ్ అని మాకిద్దరికీ తెలుసు. తండ్రులందరిదీ ఒకటే ప్రశ్న: "నాలుగేళ్లు వస్తుందా బాబూ?"

ఆ ప్రశ్నకు జవాబు మా చేతుల్లో లేదు, విడిభాగాలు చేసే కంపెనీల చేతుల్లో ఉంది. అసలు ఆ భాగాలు విడిగా కొని బిగించుకునే వీలు దొరికిందే ఐబీఎం తొందర వల్ల. 1981లో పీసీని త్వరగా బజారులోకి తేవాలని ఆ కంపెనీ బయట దొరికే చిప్పులే వాడింది. బోర్డు మీద ఐదు స్లాట్లు పెట్టింది. సర్క్యూట్ బొమ్మలతో సహా పుస్తకం అచ్చు వేసి అమ్మింది. ఇక కార్డులు ఎవరైనా చేయొచ్చు. యంత్రాన్ని మేల్కొలిపే ప్రోగ్రాం, బయోస్ ఒక్కటే తన గుప్పిట్లో ఉంచుకుంది. కాంపాక్ వాళ్లు కాపీ కొట్టకుండా, అదే పని చేసే బయోస్‌ను సొంతంగా రాసుకుని 1983లో తమ యంత్రం అమ్మకానికి పెట్టారు. ఐబీఎం చేజార్చుకున్నదే మాలాంటి వాళ్లకు అన్నం పెట్టింది.

నేను పనిలో చేరేనాటికి పాత తరహా ఏటీ క్యాబినెట్లు ఇంకా రిపేరుకు వస్తుండేవి. వాటి ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) నుంచి బోర్డుకు రెండు కనెక్టర్లు వస్తాయి, పీ8, పీ9. చూడ్డానికి కవలలు. రెంటినీ పక్కపక్కనే గుచ్చాలి, రెండిట్లోని నల్ల వైర్లూ మధ్యలో కలవాలి. తారుమారైతే బోర్డు మీద ఆశ వదులుకోవాల్సిందే. "నలుపు పక్కన నలుపు" అన్నదే కొత్త కుర్రాళ్లకు మొదటి పాఠం. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలు ప్రకటించి ఈ గండం తప్పించింది. కనెక్టర్ ఒక్కటే, తిప్పి పెడితే దిగదు. స్క్రూలు ఎక్కడ పడాలో అప్పుడు రాసిందే ఇప్పటికీ నడుస్తోంది. పాత క్యాబినెట్‌లో కొత్త బోర్డు కూర్చుంటోందంటే అందుకే.

ప్రాసెసర్ దగ్గరే పేచీ. సాకెట్ 7లో ఇంటెల్ పెంటియం, ఏఎండీ కే6, సైరిక్స్ అన్నీ పట్టేవి. మాన్యువల్ ముందు పెట్టుకుని వోల్టేజీ జంపర్లు మారిస్తే చాలు, చిప్పు మార్చుకోవచ్చు. 1997లో పెంటియం 2కు స్లాట్ 1 పెట్టి ఇంటెల్ మిగతావాళ్లకు తలుపు మూసేసింది. ఏఎండీ పాత సాకెట్‌నే 100 మెగాహెర్ట్జ్ బస్‌కు పెంచి, సూపర్ సాకెట్ 7 పేరుతో మరికొన్నాళ్లు లాగింది. చేతిలో డబ్బు తక్కువున్న వాళ్లకు మేం వేసిచ్చింది ఎక్కువగా అదే.

గ్రాఫిక్స్ కార్డుల కథ ఇంకో రకం. 1996లో వచ్చిన 3డీఎఫ్ఎక్స్ వూడూ త్రీడీ పని మాత్రమే చేసేది. మామూలు డిస్‌ప్లే కార్డు నుంచి చిన్న కేబుల్ దానికి లాగి, అక్కణ్నుంచి మానిటర్‌కు ఇచ్చేవాళ్లం. తర్వాత ఏజీపీ స్లాట్ రాజ్యం. 2004లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ బోర్డులు రావడంతో ఖరీదైన ఏజీపీ కార్డులు మూలన పడ్డాయి. కొత్త స్లాట్ మాత్రం మంచి పని చేసింది: తరాలు మారినా దాని పాత తరం స్లాట్‌లో కొత్త కార్డు పని చేస్తూనే ఉంది, వేగం కాస్త తగ్గితే తగ్గొచ్చు.

ప్రాసెసర్ల దగ్గర 2017లో జరిగింది చెప్పి తీరాలి. ఆ జనవరిలో ఇంటెల్ చిప్పుల కోసం జెడ్270 బోర్డులు వచ్చాయి. అక్టోబరులో ఇంటెల్ ఎనిమిదో తరం చిప్పులు దింపింది. సాకెట్ కాంటాక్టులు అవే 1151, అయినా ఆ బోర్డు మీద నడవవంది. ఏడాది తిరక్కముందే అప్‌గ్రేడ్ దారి మూసుకుపోయింది. అదే ఏడాది ఏఎండీ ఏఎం4 సాకెట్ బోర్డు కొన్నవాళ్లు మాత్రం 2022లో బయోస్ అప్‌డేట్ చేసి, 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్ ఉన్న రైజెన్ 5800ఎక్స్3డీ పెట్టుకున్నారు. ఏఎండీ ఏదో ధర్మానికి చేసిందని కాదు. పాత బోర్డులకు కుదరదని మొదట అదీ అంది, జనం గోల పెట్టాకే దిగొచ్చింది.

ఇప్పుడు కొనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. చిప్పులో ఒక మెట్టు తగ్గినా పర్వాలేదు, బోర్డు దగ్గరా ఎస్ఎంపీఎస్ దగ్గరా బేరం ఆడకండి. ఏఎం4 తర్వాతి సాకెట్ ఏఎం5కు 2027 దాకా, ఆ తర్వాత కూడా మద్దతిస్తామని ఏఎండీ మాటిచ్చింది. ఏ కంపెనీ బోర్డు తీసుకున్నా, "ఈ సాకెట్‌కు వచ్చే తరం చిప్పు వస్తుందా?" అని డబ్బు కట్టకముందే అడగండి. దుకాణంవాడు నీళ్లు నమిలితే పక్క దుకాణానికి వెళ్లండి.