మూడు పాయింట్ల పాట

1974 ఏప్రిల్ 24, రాత్రి 10 గంటల 55 నిమిషాలు. లిస్బన్ పరిసరాల్లో మాత్రమే వినిపించే ఒక రేడియో కేంద్రం నుంచి వ్యాఖ్యాత జోవావ్ పావులో దినిజ్ సమయం చెప్పి, ఒక ప్రేమగీతం వేశారు. 'ఎ దెపోయిస్ దో అదెయుస్' అని ఆ పాట పేరు. వీడ్కోలు తర్వాత అని అర్థం. పాడినవాడు పావులో ద కార్వాల్యో. పద్దెనిమిది రోజుల ముందు ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో జరిగిన యూరోవిజన్ పాటల పోటీకి పోర్చుగల్ పంపిన పాట అదే. అక్కడ దానికి దక్కినవి 3 పాయింట్లు. మరో మూడు దేశాలతో కలిసి చిట్టచివరి స్థానం. ఆ రాత్రి విజేత స్వీడన్. పాడిన బృందం పేరు అబ్బా. ఆ బృందం ఆ తర్వాత ఏమైందో లోకానికి తెలుసు. ఓడిన పాట ఏమైందో మాత్రం పోర్చుగల్ వెలుపల తెలిసినవారు తక్కువ.

రేడియో ముందు చెవులు రిక్కించి కూర్చున్న యువ సైనికాధికారులకు ఆ పాట ఒక ఆజ్ఞ. సిద్ధం కావాలన్నది దాని సారాంశం. అర్ధరాత్రి దాటాక 12 గంటల 20 నిమిషాలకు, దేశమంతటా వినిపించే రేడియో రెనసెన్సాలో జోసె అఫోన్సో పాడిన 'గ్రాండొల, విలా మొరేనా' మోగింది. ఇక వెనుదిరిగేది లేదని దాని అర్థం. సంతరెంలోని అశ్వికదళ పాఠశాల నుంచి కెప్టెన్ సల్గైరో మాయా తన దళంతో రాజధానికి కదిలాడు. మర్నాటి సాయంత్రానికల్లా ప్రధాని మార్సెలో కయెతానో లొంగిపోయాడు. 1926 నుంచి నడుస్తున్న నియంతృత్వం ఒక్కరోజులో కూలింది. రక్తం అసలే చిందలేదని చెప్పడం పరిపాటి. అది నిజం కాదు. రహస్య పోలీసుల కార్యాలయం ముందు గుమిగూడిన జనంపై లోపలివారు జరిపిన కాల్పుల్లో నలుగురు మరణించారు. తుపాకీ గొట్టాల్లో కార్నేషన్ పూలు పెట్టిన చిత్రాలను చూసేటప్పుడు ఆ నలుగురినీ గుర్తుంచుకోవాలి.

రెండో పాట పాడిన అఫోన్సో పాలకులకు గిట్టని గాయకుడు. ఆయన పాటలు కొన్ని నిషేధంలో ఉండేవి. మరి మొదటి సంకేతంగా ఈ ప్రేమగీతమే ఎందుకు? అందులో రాజకీయం బొత్తిగా లేదు గనుక. ప్రభుత్వ టెలివిజన్ పోటీలో నెగ్గి, ప్రభుత్వ ప్రతినిధిగా విదేశానికి వెళ్లివచ్చిన పాట అది. నీలిరంగు పెన్సిలుతో అక్షరాలు కొట్టేసే సెన్సారు అధికారికి దానిని అనుమానించే ఆస్కారమే లేదు. రాజ్యం తన చేత్తో వేసిన ముద్రనే ముసుగుగా వాడుకున్నారు.

పోర్చుగల్ ఈ పోటీలో అడుగుపెట్టిన తీరు కూడా గమనించదగినదే. 1964, కోపెన్‌హేగన్. అంతకు మూడేళ్ల ముందు అంగోలాలో వలస యుద్ధం మొదలైంది. అదే ఏడాది డిసెంబరులో గోవా చేజారింది. గినీలోనూ యుద్ధం రాజుకుంది. సాలజార్ యూరప్ ముందు గౌరవంగా కనిపించవలసిన రోజులవి. ఆంతోనియో కల్వారియో పాడిన పాటకు ఒక్క పాయింటూ రాలేదు. పైగా మధ్యలో ఒకడు వేదికెక్కి, ఫ్రాంకోను, సాలజార్‌ను బహిష్కరించండి అన్న బ్యానరు ఎత్తి పట్టుకున్నాడు. ఆ కార్యక్రమం పూర్తి దృశ్యం నేడు దొరకదు. 1967లో వియన్నాకు అంగోలాలో పుట్టిన నల్లజాతి గాయకుడు ఎడ్వార్డో నసిమెంతో వెళ్లాడు. అతని పాట పేరుకు 'గాలి మారింది' అని అర్థం. అంగోలా పల్లెల్లో సైన్యం యుద్ధం చేస్తూండగా అంగోలా బిడ్డ పోర్చుగల్ పేరుతో పాడటం ఆనాటి పాలకులకు ఎంత అక్కరకొచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. గాయకుడి ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

అయితే ఆ వేదిక పూర్తిగా పాలకుల చేతిలోనూ లేదు. కవి జోసె కార్లోస్ ఆరి దుస్ శాంతుస్ 1969లో సిమోన్ ద ఒలివేరాకు, 1973లో ఫెర్నాందో తోర్దోకు పాటలు రాశాడు. రెండో పాట పైకి ఎద్దుల పోరు గురించి. లోపల మాత్రం ఆ సమాజాన్నే పోరు బరిలో నిలబెట్టిన వ్యంగ్యం. సెన్సారును దాటి అది లక్సెంబర్గ్ దాకా వెళ్లింది. ఎద్దుల పోరును ఎద్దుల పోరుగానే చదివిన అధికారులకు చరిత్ర రుణపడి ఉంది.

మనకు ఈ కథలో ఉన్న పాత్ర చిన్నది కాదు. 1961 డిసెంబరులో చివరి మనిషి వరకు పోరాడాలన్న సాలజార్ ఆదేశాన్ని పాటించక, గవర్నరు వస్సాలో ఇ సిల్వా భారత సైన్యానికి లొంగిపోయాడు. అందుకు స్వదేశంలో అతన్ని సైన్యం నుంచి వెళ్లగొట్టారు. ఆ తర్వాత పన్నెండేళ్లకు పైగా లిస్బన్ గోవాను భారత భూభాగంగా అంగీకరించనేలేదు. విప్లవం వచ్చాకే దారి తెరుచుకుంది. 1974 డిసెంబరు 31న విదేశాంగ మంత్రి మారియో సోరెస్ ఢిల్లీలో ఒప్పందంపై సంతకం చేశారు. గోవా, డామన్, డయ్యూ, దాద్రా, నగర్ హవేలీ భారత రాజ్యాంగం కింద ఎప్పుడు చేరాయో అప్పటి నుంచే మన సార్వభౌమత్వాన్ని పోర్చుగల్ గుర్తించింది. ఎనిమిది నెలల్లో తేలిన విషయం అంతకుముందు దశాబ్దానికి పైగా నానింది.

1975 ఏప్రిల్ 25న పోర్చుగల్ ప్రజలు రాజ్యాంగ సభను ఎన్నుకున్నారు. తొంభై శాతానికి పైగా ఓటేశారు. సరిగ్గా రెండు నెలలకు, జూన్ 25న, ఢిల్లీలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మరుసటి ఏడాది, ప్రభుత్వ ప్రచారానికి సహకరించలేదని కిశోర్ కుమార్ పాటలను ఆకాశవాణి ఆపేసింది. ఒక దేశంలో నీలి పెన్సిలు మూలపడుతుంటే, మరో దేశంలో రికార్డులు అటకెక్కుతున్నాయి.

విప్లవం తర్వాతి తొలి పోటీ 1975లో స్టాక్‌హోమ్‌లో. పోర్చుగల్ పంపినది దువార్తె మెందెస్‌ను. అతడు ఆ విప్లవంలో పాల్గొన్న సైనిక కెప్టెన్. పాట పేరుకు వేకువ అని అర్థం. 19 దేశాల్లో 16వ స్థానం వచ్చింది. యూరప్ విప్లవాన్ని మెచ్చుకుంది గాని పాటకు ఓట్లు వేయలేదు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఓటమి మీద ఓటమి. 2011లో పొదుపు చర్యలకు వ్యతిరేకంగా జనం వీధుల్లో ఉండగా, పాత విప్లవ గీతాల బాణీని వేళాకోళం చేసే బృందాన్నే ప్రేక్షకులు ఎన్నుకుని పంపారు, సెమీఫైనల్ దాటలేదు. 2013 ఫిబ్రవరిలో మాత్రం పార్లమెంటు గ్యాలరీలో నిరసనకారులు 'గ్రాండొల' అందుకుని ప్రధాని ప్రసంగాన్ని ఆపేశారు.

గెలుపు 2017లో వచ్చింది. కీవ్‌లో సాల్వడార్ సోబ్రాల్, తన అక్క లూయిజా రాసిన నిదానమైన ప్రేమగీతం పాడి 758 పాయింట్లు సాధించాడు. పోటీ రోజుల్లో అతడు శరణార్థులను ఆదుకోండన్న పిలుపు ఉన్న చొక్కా వేసుకుని విలేకరుల ముందుకు వచ్చాడు. మళ్లీ వేసుకోవద్దని నిర్వాహకులు చెప్పారు. అది రాజకీయ సందేశమట.