రోమకుల చిల్లర కాసులు

వెనుకటి తరములో పెదబయలు సంతకు వచ్చు స్త్రీల మెడలయందు వెండి రూపాయల దండలు కానవచ్చెడివి. ఐదవ జార్జి చక్రవర్తి ముఖము గల రూపాయకు చెవి అతికించి త్రాటికి గ్రుచ్చెడివారు. ఆ చక్రవర్తి యెవరో వారికి అక్కరలేదు. వెండి మంచిదగునా కాదా యనునదే ప్రశ్న. ఈ యాచారము మిక్కిలి ప్రాచీనమైనది. దక్షిణదేశమున దొరకిన రోమను బంగారు నాణెములలో కొన్నింటికి ప్రక్కప్రక్కనే రెండేసి రంధ్రములున్నవి. రెండువేల యేండ్ల క్రిందట కూడ పరదేశపు రాజు ముఖము మన స్త్రీల కంఠమున అలంకారమైనదన్నమాట.

ఆ నాణెములు సరకుల వెలగా వచ్చినవి. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఒక గ్రీకు నావికుడు వ్రాసిన సముద్రయాత్రా గ్రంథమున మసాలియా యను తీరము పేర్కొనబడినది. అది మన మచిలీపట్టణ ప్రాంతము. సన్నని నూలుబట్టలకు అది పేరొందినదని అతడు వ్రాసెను. ఆ కాలముననే ప్లినీ యను రోమను పండితుడు, ఏటేట 5 కోట్ల సెస్టర్సుల ధనమును హిందూదేశము లాగికొనుచున్నదని వాపోయెను. అతడు ధరలు కూడ వ్రాసియుంచెను: రోములో మిరియములు పౌను 4 దినారములు, పిప్పళ్లు 15 దినారములు. నేడు మన ఏజెన్సీ కొండలలో సాగగుచున్న పిప్పలి ఆనాడు మిరియమునకు దాదాపు నాలుగు రెట్ల వెల పలికినది!

నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో 1531 వెండి దినారములు దొరకినవి. అందు పెక్కులు ఆగస్టసు, టైబీరియసు చక్రవర్తులవి. నాగార్జునకొండలో బంగారు నాణెములు బయల్పడినవి. మనకు చేరువనున్న భీమిలి దారిలోని తొట్లకొండ బౌద్ధారామమున 1988–1992 నడుమ జరిగిన త్రవ్వకములలోను రోమను నాణెములు లభించినవి. ఆంధ్రదేశమున దొరకిన వానిని పరమేశ్వరీలాల్ గుప్త పరిశీలించి వ్రాసిన గ్రంథమును 1965లో రాష్ట్రప్రభుత్వము ప్రకటించినది.

ఇవి యన్నియు మేలిలోహపు నాణెములు. తరువాతి కథ కంచుది. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి వెండి దినారము తూకము తగ్గించెను. అంతవరకు పౌను వెండికి 84 నాణెములు కొట్టుచుండగా, అటుపై 96 కొట్టసాగిరి. మూడవ శతాబ్దమున యుద్ధముల చేతను, సైనికుల జీతముల చేతను ఖజానా అడుగంటినది. వెండి నాణెమని చెప్పబడుదానిలో నూటికి అయిదు పాళ్లు కూడ వెండి లేని స్థితి వచ్చినది. 294 ప్రాంతమున డయొక్లీషియను చక్రవర్తి నాణెముల పద్ధతిని సంస్కరించి, పైన పలుచని వెండి పూతతో పెద్ద కంచు నాణెమును ప్రవేశపెట్టెను. అదియు నిలువలేదు. నూరేండ్లు గడచునప్పటికి అది చిటికెనవ్రేలి గోరంత దమ్మిడీ యైనది.

ఈ క్షీణత నాణెముల మీది బొమ్మలలోనే చదువదగును. కాన్‌స్టంటైను 330లో కాన్‌స్టాంటినోపిలు నగరమును ప్రతిష్ఠించెను. ఆ కాలపు కాసుపై ఇద్దరు సైనికులు, వారి నడుమ రెండు ధ్వజములు. చుట్టును ‘సేనాకీర్తి’ యను అర్థము గల లాటిను మాటలు. కొలది యేండ్లకే కాసు చిన్నదై, రెండు ధ్వజములకు చోటు చాలక ఒకటే మిగిలినది. సేన కీర్తి మాత్రము తగ్గలేదట! 348లో మొదలైన మరియొక కాసుపై రోమను భటుడు గుఱ్ఱము నుండి కూలుచున్న శత్రువును ఈటెతో పొడుచుచుండును. దాని చుట్టును ‘మంచి కాలము మరలివచ్చినది’ యని వ్రాత. జూలియను (361–363) కొట్టించిన కంచు నాణెముపై వృషభమున్నది. మన యూరివాడెవడైన చూచినచో నందీశ్వరుడే యనును. బొమ్మ క్రింద సన్నని అక్షరములుండును. అవి టంకశాల గుర్తులు: అలెగ్జాండ్రియాయో, అంతియొకయో వానివలననే తెలియును.

ఇంచుమించు ఆ కాలముననే సముద్రగుప్తుడు దక్షిణమునకు దండెత్తివచ్చెను. అతని అలహాబాదు శాసనమున పిష్టపురపు మహేంద్రుడును, వేంగి హస్తివర్మయు, వారితోపాటు పేరులు లేని ఆటవిక రాజులును కనిపింతురు. అడవులవారికి శాసనమున దక్కిన చోటు ఒక్క సమాసము మాత్రమే.

ఇట్టి కంచు కాసులు మన తీరమున అరుదు. వానికొరకు మధుర, కరూరులకును, సింహళమునకును పోవలెను. అక్కడ అవి విరివిగా దొరకుచున్నవి. సింహళమున వానికి నకళ్లు కూడ స్థానికముగా తయారైనవి. అనగా అవి పెట్టెలో దాచిన ధనము కాదు, అంగడిలో చేతులు మారిన చిల్లర. బంగారము ఎవ్వరైనను దాతురు. విలువ లేని కంచు నాణెము నమ్మకము మీదనే చెల్లును. అందుచేత బంగారపు కుండ కంటె ఈ కాసులే సామాన్యుల వర్తకమును గూర్చి యెక్కువ చెప్పును.

తమిళ దినపత్రిక ‘దినమలర్’ సంపాదకుడు ఆర్. కృష్ణమూర్తి కరూరు, మధుర ప్రాంతముల కాసులను ఓపికతో సేకరించి 1994లో ఒక గ్రంథము ప్రకటించెను. పలువురు తీసిపారవేయు అరిగిన రేకులను అతడు కోరి చదివెను. కాని సేకరణలో ఒక చిక్కున్నది. నేలనుండి వచ్చిన కాసు చేతులు మారుకొలది దాని జన్మస్థానము మరుగుపడును. జన్మస్థానము పోయిన కాసు బొమ్మ మాత్రమే. అది యే దారిని వచ్చినదో చెప్పలేదు.

దుక్కిలో కాసు దొరకినంతనే చింతపండుతో తోముట మన యిండ్ల అలవాటు. పచ్చని చిలుముతోపాటు పులుపు అక్షరములను కూడ తినివేయును; టంకశాల గుర్తు మొదట పోవును. కాసును అట్లే యుంచి, ఏ పొలమున, ఎంత లోతున, ఏ పెంకుల నడుమ దొరకినదో కాగితము మీద వ్రాసికొనవలెను. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపము దొరకినచో కలెక్టరుకు తెలుపవలెను.

శ్రీకాకుళము జిల్లాలో వంశధార ఒడ్డున గల శాలిహుండము బౌద్ధక్షేత్రమును 1919లో లోకమునకు తెలిపినవాడు గిడుగు వేంకట రామమూర్తి. అతడు పురావస్తు శాఖ యుద్యోగి కాడు. సవరల భాషను వారి నోటనే నేర్చి, వారికి వాచకములు వ్రాసిన బడిపంతులు.