కడియమును, గొలుసుకట్టును

బటర్‌వర్తు, వేణుగోపాల సెట్టిగారలు 1905లో మూడు భాగములుగా ప్రకటించిన నెల్లూరు మండల శాసనసంపుటమును తిరుగవేయువారికి, మాన్యములకును, చెరువులకును, దేవాలయ దీపములకును వ్రాయించిన ఆ దానపత్రముల వెనుక ఒక్కటే భయము పదేపదే గోచరించును: రేపెవడైన వచ్చి ఈ వ్రాత కల్ల యన్నచో దీనికి ప్రమాణమేమి?

ఆ భయమునకు మన పూర్వులు కనిపెట్టిన మందు కడియము. నెల్లూరు మండలములోని వవ్వేరులో లభించిన పల్లవ సింహవర్మ విలవట్టి శాసనము ఈ సీమను ముండరాష్ట్రమని వ్యవహరించిన కాలము నాటిది. అట్టి తామ్రశాసనములలో, రేకులన్నిటికి ఒక ప్రక్క రంధ్రము చేసి, అందు కడియమును దూర్చి, దాని కొనలు రెండును రాజముద్రలో అతికెడి వాడుక యుండెను. పల్లవుల ముద్రపై వృషభము, తూర్పు చాళుక్యుల ముద్రపై వరాహమును ‘త్రిభువనాంకుశ’ బిరుదమును ఉండును. నడుమ నుండి ఒక రేకు లాగవలెనన్నను, దొంగరేకు చొప్పింపవలెనన్నను కడియమును కోయక తప్పదు. కోసిన గాటు దాగదు. కావుననే శాసనపరిష్కర్తలు, రేకులు తమ చేతికి వచ్చునప్పటికి కడియము తెగియుండెనా లేదా యను సంగతిని తప్పక చెప్పుదురు. యాజ్ఞవల్క్యస్మృతి రాజు చేవ్రాలు, కాలనిర్దేశము, ముద్ర మూడును ఉండవలెనని విధించినది. కూటశాసనము కల్పించినవానికి మనువు మరణదండనమే చెప్పెను. అయినను కూటశాసనములు పుట్టుచునే యుండెను: హర్షవర్ధనుడు అట్టిదొక దానిని రద్దుచేసి, ఆ గ్రామమును వేరొకరికిచ్చినట్లు మధుబన్ శాసనమే సాక్ష్యమిచ్చుచున్నది. శాసనాంతమున దానహరణము చేసినవాడు పురుగై పుట్టునని శపించుట యెందుకో ఇప్పుడు తెలియును. ముద్రమీద రాజులకే పూర్తి నమ్మకము లేదు.

ఇంత కట్టుదిట్టములోను రహస్యమన్నది లేదు. పల్లవరాజులు తమ యాజ్ఞను గ్రామస్థులనే సంబోధించి వ్రాయించిరి; ఊరందరకు తెలియుటయే దానికి బలము.

ఊరి లెక్కలు వ్రాసెడి కరణము కవిలెది వేరొక ప్రకృతి. ఏ మడి ఎవని సాగులో నున్నది, ఏ యేడు శిస్తెంత, ఎవడు ఎవనికి అమ్మెను అను మార్పులన్నియు ఏటేట ఎక్కెడి ఆ తాటాకుకట్టలు రాజధానిలో గాక కరణము ఇంటి అటుకపైననే యుండెను. మసి పూసిన గుడ్డమడతలపై బలపముతో వ్రాసెడి కడితమైనచో, తుడిచి తిరిగి వ్రాసినపుడు పాతలెక్క జాడయే మిగులదు. ఇక వ్రాతయో, పదమునకు పదమునకు ఎడములేక, సంక్షేపాక్షరములతో సాగెడి గొలుసుకట్టు. దానిని చదువగలవాడు వ్రాసినవాడో, వాని కొడుకో. తాళమును, తాళపుచెవియు ఒకే యింట నుండుట వలననే కరణమునకు అంత పలుకుబడి కలిగెనని నా నిశ్చయము. సుమతీశతకమున కరణములను గూర్చిన హెచ్చరికలు ఊరక పుట్టినవి కావు. అయినను ఆ కుటుంబముల ఋణము మనకు లేకపోలేదు: కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు తోడుగా కుంఫిణీ సర్వేయరు మెకంజీ కూర్పించిన కైఫీయత్తులను గ్రామవృత్తాంతములకు ఊరూరి కవిలెలే ఆధారము.

1801లో ఆర్కాటు నవాబు నుండి ఈ సీమ కుంఫిణీవారి వశమైన పిమ్మట, కరణము లెక్కలను పైయధికారి తనిఖీచేసెడి జమాబంది స్థిరపడినది. చదువురానివాడు నిశాని పెట్టెను, వచ్చినవాడు దస్కతు చేసెను. అయినను మూలప్రతి కరణము నడవలోనే నిలిచినది. 1984లో వంశపారంపర్యపు కరణీకమును ప్రభుత్వము రద్దుచేసెను. 2015 నుండి ‘మీ భూమి’ వెబ్‌సైటులో అడంగలు అను సాగులెక్క ఎవరికైనను కనబడుచున్నది, కడియము చేసిన పనిని ఎలక్ట్రానిక్ సంతకము చేయుచున్నది.

ఇండ్లలో ఇంకను కవిలెకట్టలున్నవారు వానిని చెదలపాలు చేయక, తిరుపతి ప్రాచ్యపరిశోధన సంస్థ వంటి చోటికి చేర్పవలెను; గొలుసుకట్టు చదువగల వృద్ధులు ఉండగానే ఆ పని జరుగవలెను.