వాల్వు రేడియో నుంచి ట్రాన్సిస్టరు దాకా: తెలుగిళ్లలో పాటల శ్రవణం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
వాల్వు యాంప్లిఫయర్‌లోనే పాత పాట మధురంగా వినిపిస్తుందనే అభిప్రాయం సంగీతప్రియులలో బలంగా ఉంది. ఆ అభిప్రాయాన్ని రేడియో, చలనచిత్ర చరిత్రల వెలుగులో పరిశీలించడం, తెలుగిళ్లలో వాల్వు స్థానాన్ని ట్రాన్సిస్టరు ఆక్రమించడానికి గల కారణాలను వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: వాల్వు, ట్రాన్సిస్టరు, ఆకాశవాణి, సినిమా పాట, శ్రవణం, ఫిల్మ్‌నగర్.

1. ఉపోద్ఘాతం:
సినిమా పాటల చరిత్రలో కవి, స్వరకర్త, గాయకులకు దక్కిన ప్రాధాన్యం పాటను వినిపించిన సాధనానికి అంతగా దక్కలేదు. అయితే పాట శ్రోతను చేరినది యంత్రం ద్వారానే. కనుక ఆ యంత్ర స్వభావాన్ని గుర్తించకుండా శ్రోతల జ్ఞాపకాలను సాక్ష్యంగా స్వీకరిస్తే పరిశోధన పక్కదారి పట్టే ప్రమాదం ఉంది.

2. రెండు సాధనాల పనితీరు:
1904లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడ్ల వాల్వును, 1906లో లీ డి ఫారెస్ట్ మూడు ఎలక్ట్రోడ్ల ఆడియాన్‌ను రూపొందించారు. గాలి తీసివేసిన గాజునాళంలో వేడెక్కిన కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు ఆనోడ్ వైపు ప్రవహిస్తాయి. నడుమనున్న గ్రిడ్‌పై పడే చిన్న విద్యుత్సంకేతం ఆ ప్రవాహాన్ని నియంత్రిస్తుంది. శక్తిమంతమైన వాల్వు యాంప్లిఫయర్‌కు వందల వోల్టుల విద్యుత్తు, ఫిలమెంటును వేడిచేయడానికి వేరే విద్యుత్తు, స్పీకరుతో జతపరచడానికి సాధారణంగా ఒక ట్రాన్స్‌ఫార్మరు కావాలి. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఆవిర్భవించిన ట్రాన్సిస్టరు అదే పనిని అర్ధవాహక స్ఫటికంలో చేస్తుంది. దానికి ఫిలమెంటు లేదు. చిన్న రేడియోకు కొద్ది వోల్టులే చాలు.

3. విద్యుత్తు – శ్రోత:
మద్రాసు రేడియో కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో ప్రారంభమయ్యాయి. హైదరాబాదులో నిజాం ప్రభుత్వం నడిపిన దక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో భాగమైంది. ఇవన్నీ వాల్వుల కాలపు సంఘటనలే. అప్పటి రేడియో బరువైన చెక్కపెట్టె. దానికి ఇంట్లో ఒక స్థిరమైన చోటు ఉండేది, శ్రోతలే దాని దగ్గరకు చేరేవారు. విద్యుత్తు లేని ఊళ్లలో వాడిన బ్యాటరీ వాల్వు రేడియోలకు సుమారు 90 వోల్టుల బ్యాటరీతోపాటు ఫిలమెంటుకు మరొకటి కావలసి వచ్చేది. సామాన్య కుటుంబానికి ఇది మోయరాని ఖర్చు. అందుకే అనేక గ్రామాలలో పంచాయతీ రేడియోయే ఊరందరి రేడియో అయింది.

బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వుల ఉత్పత్తిని, 1962లో జెర్మేనియం అర్ధవాహక పరికరాల ఉత్పత్తిని ప్రారంభించింది. పాశ్చాత్య దేశాలలో నాలుగు దశాబ్దాల ఎడంతో వచ్చిన రెండు సాంకేతికతలు ఈ సంస్థలో ఒక్క ఏడాది తేడాతో అడుగుపెట్టాయి. టార్చిలైటు సెల్లులతో పనిచేసే ట్రాన్సిస్టరు రేడియో విద్యుత్తు స్తంభం కోసం ఎదురుచూడలేదు. పొలం గట్టుకు, టీకొట్టుకు శ్రోతతోపాటే వెళ్లింది.

ఈ మార్పుకు భాషలోనూ సాక్ష్యముంది. లోపలి భాగానికి చెందిన ‘ట్రాన్సిస్టరు’ అనే పేరు తెలుగులో మొత్తం రేడియోకే పేరైంది. ‘వాల్వు రేడియో’ అనే మాట అవసరమైనది ట్రాన్సిస్టరు వచ్చిన తరువాతనే. అంతకుముందు అది కేవలం ‘రేడియో’.

4. మద్రాసు నుంచి ఫిల్మ్‌నగర్‌కు:
1932 నాటి ‘భక్తప్రహ్లాద’ మొదలుకొని తొలి తెలుగు టాకీల ధ్వనిని ప్రేక్షకులకు వినిపించినవి వాల్వు యాంప్లిఫయర్లే. మద్రాసులో నిర్మితమైన ‘మాయాబజార్’ (1957) కాలానికి కూడా స్టూడియో రికార్డింగు వాల్వులపైనే ఆధారపడి ఉంది. హైదరాబాదులో అమీర్‌పేటలోని సారథి స్టూడియోస్ ముందునుంచే ఉన్నా, జూబ్లీహిల్స్, షేక్‌పేట పరిసరాలలోని ఫిల్మ్‌నగర్ చిత్రపరిశ్రమకు నెలవుగా ఎదిగినది ఆ తరువాతనే. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభమయ్యేనాటికి ప్రపంచవ్యాప్తంగా రికార్డింగు పరికరాలు ఘనస్థితికి మారుతూనే ఉన్నాయి. పాటల రికార్డింగు మరికొంతకాలం మద్రాసులో సాగినప్పటికీ, ఫిల్మ్‌నగర్ ట్రాన్సిస్టరు యుగపు బిడ్డ. కాబట్టి ‘మాయాబజార్’ పాటలలో వాల్వు ప్రభావం ఏదైనా ఉంటే అది రికార్డింగులోనే చేరి ఉంది. దానిని వినడానికి ఇంట్లో వాల్వు ఉండనవసరం లేదు.

5. మాధుర్యవాదం – పరిశీలన:
వాల్వు సరిసంఖ్య అనుస్వరాలను చేర్చి ధ్వనికి నిండుదనం ఇస్తుందనేది ప్రచారంలో ఉన్న వాదం. ఒకే వాల్వు అంచెగల యాంప్లిఫయర్ల విషయంలో ఇందులో సత్యముంది. రెండు వాల్వులు ఎదురెదురుగా పనిచేసే పుష్‌పుల్ పద్ధతిలో మాత్రం ఆ అనుస్వరాలు చాలావరకు పరస్పరం రద్దవుతాయి. 1947లో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో డి.టి.ఎన్. విలియమ్‌సన్ ప్రకటించిన ప్రసిద్ధ వాల్వు యాంప్లిఫయర్ లక్ష్యం వక్రీకరణను 0.1 శాతం లోపు ఉంచడం. అంటే మేలైన వాల్వు రూపకర్త కోరుకున్నది ప్రత్యేకమైన రుచిని కాదు, స్వచ్ఛతను.

తొలినాటి ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్లపై ఫిర్యాదులు నిరాధారమైనవి కావు. తరంగం ధన, ఋణ భాగాల మధ్య మారేచోట వాటిలో కర్కశమైన వక్రీకరణ ఏర్పడేది. 1973లో రస్సెల్ హామ్ ప్రచురించిన పరిశోధన ప్రకారం రెండింటి భేదం ప్రస్ఫుటమయ్యేది సామర్థ్యానికి మించిన సంకేతం అందినప్పుడు. 1985లో బాబ్ కార్వర్ తన ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్‌ను ఒక ఖరీదైన వాల్వు యాంప్లిఫయర్‌కు సరిపోయేలా సవరించగా, ‘స్టీరియోఫైల్’ పత్రిక సంపాదకులు తేడా చెప్పలేకపోయారు.

తెలుగు శ్రోత జ్ఞాపకంలో తులనకు నిలిచినవి నిజానికి రెండు యాంప్లిఫయర్లు కావు. ఒకవైపు పెద్ద స్పీకరు, చెక్కపెట్టె. మరొకవైపు అరచేతి వెడల్పు స్పీకరు, ప్లాస్టిక్ డబ్బా. మంద్రస్వరాల నిండుదనంలోని భేదానికి ప్రధాన కారణం ఇదే.

6. ముగింపు:
తెలుగిళ్లలో వాల్వు ఓడిపోయినది మాధుర్యపు పోటీలో కాదు. విద్యుత్తు, ఖర్చు, బరువుల వద్ద. ట్రాన్సిస్టరు ధ్వనిలో కొంత నిండుదనం తగ్గినా శ్రోతల సంఖ్య పెరిగింది. పాట ఊరుమ్మడి స్థలం నుంచి వ్యక్తి చేతికి వచ్చింది. ఆనాటి శ్రోతల అనుభవాలను సేకరించే పరిశోధకులు ‘ఆ రేడియోలో పాట ఎంతో బాగుండేది’ అనే వాక్యాన్ని నమోదు చేసేటప్పుడు స్పీకరు పరిమాణం, గది, పక్కన కూర్చున్న మనుషుల వివరాలను కూడా అడిగి రాసుకోవడం అవసరం. ఆ మాధుర్యంలో వాల్వు వాటా ఎంతో అప్పుడే తేలుతుంది.