మా ఖాతా పుస్తకం మబ్బుల్లోకి ఎక్కిన కథ

మొన్న దీపావళికి లక్ష్మీపూజ సర్దుతుంటే మా పాప ఒక ప్రశ్న వేసింది. "అమ్మా, తాతయ్య ప్రతి దీపావళికి కొత్త ఖాతా బుక్కుకు బొట్టు పెట్టేవాడట కదా! ఇప్పుడు మనకు బుక్కే లేదు. దేనికి పెడతావు?"

కుంకుమ భరిణె చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆగిపోయాను. ల్యాప్‌టాప్ మూత మీద చిన్న బొట్టు పెట్టి అప్పటికి తప్పించుకున్నాను. కానీ లోపల ఏదో గుచ్చుతూనే ఉంది. మా లెక్కలు ఆ ల్యాప్‌టాప్‌లో కూడా లేవు. అది పాడైపోతే ఇంకోటి కొనుక్కుని మళ్ళీ అవే లెక్కలు చూసుకుంటాం. మరి అవి ఎక్కడున్నాయి? మా ఇల్లు దాటి ఎప్పుడు వెళ్ళాయి? పండగ పనులు తీరాక కూర్చుని గుర్తు చేసుకుంటే ఇదొక చిన్న చరిత్రే అయింది. అందుకే మీతో పంచుకుంటున్నాను.

మిర్యాలగూడ అంటే బియ్యం మిల్లులని అందరికీ తెలుసు. ఆ మిల్లులు రావడానికి కారణం సాగర్ నీళ్ళు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ నీళ్ళు మా వైపు పారాక మెట్ట చేలు వరి మళ్ళయ్యాయి. వడ్లు వచ్చాయి, వడ్ల వెనకే మిల్లులు వచ్చాయి. మిల్లులకు రబ్బరు రోళ్ళు, బెల్టులు, బేరింగులు, జల్లెళ్ళు కావాలి కదా! అవి అమ్మే చిన్న షాపు మా మామయ్యగారిది.

ఈ వ్యాపారంలో రొక్కం తక్కువ, ఉద్దెర ఎక్కువ. సీజన్ నడిచేటప్పుడు మిల్లు ఆగకూడదు కాబట్టి సామాను వెంటనే పట్టుకుపోతారు. డబ్బులు మాత్రం బియ్యం అమ్ముడయ్యాక. వానాకాలం బాకీ యాసంగికి, యాసంగి బాకీ మళ్ళీ వానాకాలానికి. అందుకే మా ఇంట్లో బంగారం కంటే విలువైనది ఎర్ర గుడ్డ అట్ట వేసిన ఖాతా పుస్తకం. రోజువారీ రాసేది చిట్టా. దాని నుంచి ఒక్కొక్కరి పేరు మీదకు ఎక్కించేది ఆవర్జా. మామయ్యగారు రాత్రి భోంచేశాక చిట్టా చదివితే అత్తయ్య వింటూ వక్కలు కత్తిరించేది. అలా వినీ వినీ ఆమెకు సగం ఊరి బాకీలు నోటికొచ్చాయి. ఈ సంగతి తర్వాత మాకు ఎంత పనికొచ్చిందో చెప్తాను.

కంప్యూటర్ లెక్కల కథ కూడా మాలాంటి షాపులోనే మొదలైందని నాకు ఈమధ్యే తెలిసింది. శ్యాం సుందర్ గోయెంకా అనే ఆయన దక్షిణాది, తూర్పు రాష్ట్రాల మిల్లులకు ముడిసరుకూ యంత్రాల విడిభాగాలూ సరఫరా చేసేవారట. తన లెక్కలకు సరిపడే సాఫ్ట్‌వేర్ దొరక్క, గణితం చదివిన కొడుకు భరత్ గోయెంకాని తయారు చేయమన్నారు. 1986లో అలా పుట్టిందే ఇప్పుడు ప్రతి ఆడిటర్ ఆఫీసులో కనిపించే ట్యాలీ. భరత్ గారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది.

ఇక ఇంటర్నెట్. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వాళ్ళు మన దేశంలో ప్రజలందరికీ ఇంటర్నెట్ సేవ మొదలుపెట్టారు. అందరికీ అంటే మాటవరసకే. మొదట్లో అది కొన్ని పెద్ద నగరాల సంగతి. నేను పెళ్ళయి మిర్యాలగూడ వచ్చిన కొత్తలో ఇంటర్నెట్ అంటే నెట్ సెంటర్. గంటకింత అని కట్టి, ప్లైవుడ్ గదిలో కూర్చుని, పరీక్ష ఫలితాలు చూసుకునేవాళ్ళం. 2000 అక్టోబర్ 1న టెలిఫోన్ శాఖ సేవలు బీఎస్ఎన్ఎల్ అయ్యాయి. తర్వాత మా షాపులోనూ డయలప్ వచ్చింది. మోడెం కీచుమని అరిచి, బుసకొట్టి, చివరికి కలిసేది. ఈలోగా షాపు ఫోను ఎంగేజ్. "నీ నెట్టు సల్లగుండ, మిల్లు నుంచి ఫోనొస్తే ఎట్లరా?" అని మామయ్యగారు మా ఆయన మీద కసురుకునేవారు.

2005 మా షాపుకు పెద్ద మలుపు. జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ ప్రారంభమైంది. ముందటి ఏడాది వచ్చిన ప్రభుత్వ విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్లు ఉంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే! ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, ఫోను మాట్లాడుతూ నెట్ వాడుకోవడం అప్పుడు మాకు గొప్ప. అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రంలో వ్యాట్ వచ్చింది. కొన్నదాని మీద కట్టిన పన్ను, అమ్మినదాని మీద పన్నులోంచి తీసేసి లెక్క చూపాలి. ఎర్ర పుస్తకంతో అది కాని పని. కంప్యూటర్ కొన్నాం, ట్యాలీ వేయించాం. ఆ దీపావళికి మామయ్యగారు మానిటర్‌కు బొట్టు పెట్టారు. పుస్తకానికి కూడా పెట్టారు. ఎందుకైనా మంచిదని.

ఆయన అనుమానం నిజమైంది. 2009 ఎండాకాలంలో కరెంటు పోతూ వస్తూ ఉన్న ఒక మధ్యాహ్నం హార్డ్ డిస్క్ కాలిపోయింది. పద్నాలుగు నెలల లెక్కలు అందులోనే ఉన్నాయి. పెన్ డ్రైవ్‌లో కాపీ ఉంది కదా అని ధైర్యంగా తీస్తే, అందులో ఎప్పటిదో పాత ఫైలు. రోజూ కాపీ చేస్తున్నామనే అనుకున్నాం. అయిందా లేదా అని తెరిచి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆ పది రోజులు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. బిల్లు బుక్కుల కార్బన్ కాపీలు నేల మీద పరిచి నేను ఒక్కొక్కటే రాస్తుంటే, దొరకని వాటికి అత్తయ్య జ్ఞాపకమే దిక్కయింది. "వాళ్ళు సంక్రాంతి ముందర రెండు జతల రోళ్ళు తీస్కపోయిండ్రు, సగమే ఇచ్చిండ్రు" అని ఆమె చెప్తుంటే మా ఆయన నోరు తెరిచి చూశారు. ఒక మిల్లు ఆయన తనంతట తానే షాపుకు వచ్చి, "నా బాకీ ఇంత, రాసుకోండి" అని చెప్పి వెళ్ళారు. అలా చెప్పనివాళ్ళూ ఉన్నారు. ఆ డబ్బు పోయింది. దాని గురించి మామయ్యగారు తర్వాత ఒక్క మాట మాట్లాడలేదు. కానీ ఆయన మనిషి కొంచెం వంగిపోయారు.

మా డిస్క్ కాలిపోయే నాటికే, లెక్కలు షాపులో కాకుండా వేరే చోట దాచుకునే పద్ధతి లోకంలో ఉంది. దాన్నే క్లౌడ్ అంటున్నాం. పేరు మబ్బు కానీ, ఉండేది నేల మీదే. పెద్ద పెద్ద భవనాల్లో వేల కంప్యూటర్లు, వాటికి ఏసీలు, జనరేటర్లు. మనం అద్దె కట్టి అందులో కొంచెం చోటు, కొంచెం పని వాడుకుంటాం.

ఈ ఆలోచనకు మూలం వెతికితే నాకు ఒక టీ దుకాణం కనిపించింది! ఇంగ్లండ్‌లో లయన్స్ అనే టీ దుకాణాల కంపెనీ తన బేకరీల లెక్కల కోసం లియో అనే కంప్యూటర్‌ను తనే తయారు చేసుకుంది. 1951 నవంబర్‌లో అది బ్రెడ్డు, కేకుల ఖర్చులు లెక్క కట్టింది. వ్యాపారానికి పనిచేసిన మొదటి కంప్యూటర్‌గా దాన్నే చెప్తారు. తర్వాత ఫోర్డ్ కార్ల కంపెనీ లాంటి బయటివాళ్ళ జీతాల లెక్కలు కూడా డబ్బు తీసుకుని చేసిపెట్టింది. దానికి ప్రోగ్రాములు రాసినవాళ్ళలో మేరీ కూంబ్స్ అనే ఆవిడ ఉన్నారు. 1952లో ఆ పనిలో చేరారు. వ్యాపార ప్రోగ్రాములు రాసిన మొదటి మహిళ ఆవిడే అంటారు. ఆడవాళ్ళకు కంప్యూటర్ లెక్కలు ఎందుకు అనేవాళ్ళకు ఈ పేరు చెప్పండి.

1961లో అమెరికాలో జాన్ మెకార్తీ అనే శాస్త్రవేత్త, టెలిఫోన్ లాగా కంప్యూటర్ కూడా ఒకనాడు అందరికీ అందే సేవ కావచ్చని అన్నారు. మా మిల్లుల ఊళ్ళో దీన్ని అర్థం చేసుకోవడం తేలిక. ఒకప్పుడు మిల్లు నడవాలంటే సొంత ఆయిల్ ఇంజన్ ఉండాలి. అది చెడిపోతే మిల్లు బంద్. కరెంటు లైను వచ్చాక ఎక్కడో తయారైన కరెంటును మీటరు తిరిగినంత వాడుకుని బిల్లు కడుతున్నారు. క్లౌడ్ కూడా అంతే. 2006లో అమెజాన్ వాళ్ళు ఈ అద్దె పద్ధతిని అందరికీ తెరిచారు. 2012లో గూగుల్ డ్రైవ్ వచ్చింది.

మేము మాత్రం 2017 దాకా కదల్లేదు. అప్పటికి అన్నీ ఒకేసారి మీదపడ్డాయి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి నెట్ చౌకైంది. నవంబర్ 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దానికి చిక్కాయి. జులై 1 నుంచి జీఎస్టీ. మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి రాష్ట్రాల మధ్య 50,000 రూపాయలు దాటిన సరుకు కదలాలంటే ఈ-వే బిల్లు. నెట్ లేకపోతే లారీ కదలదు! అప్పుడు షాపులో పనిచేసే అబ్బాయి అన్నీ ఏర్పాటు చేశాడు. మెయిల్, ఆన్‌లైన్ లెక్కలు, ఫైళ్ళ కాపీలు అన్నీ. "ఇక హార్డ్ డిస్క్ పోయినా భయం లేదక్కా" అన్నాడు. నిజమే. కానీ భయం వేరే వైపు నుంచి వచ్చింది.

2021 మే నెల. మా ఆయన కరోనాతో హైదరాబాద్‌లో ఆసుపత్రిలో ఉన్నారు. మాట్లాడే పరిస్థితి లేదు. రోజుకింత అని డబ్బు కట్టాలి. మాకు రావలసిన బాకీలు ఉన్నాయి, అడిగితే ఇచ్చే మంచివాళ్ళూ ఉన్నారు. కానీ ఎవరు ఎంత ఇవ్వాలో చూద్దామంటే పాస్‌వర్డ్ తెలియదు. మార్చుకుందామంటే ఓటీపీ వేరే నంబరుకు పోతోంది. ఎవరి నంబరది? ఎప్పుడో ఉద్యోగం మారి బెంగళూరు వెళ్ళిపోయిన ఆ అబ్బాయిది. మా లెక్కలు భద్రంగానే ఉన్నాయి, మాకే అందడం లేదు. వాళ్ళనూ వీళ్ళనూ అడిగి నంబరు పట్టుకునేసరికి రాత్రి పదకొండు అయింది. పాపం, ఆ అబ్బాయి నిద్ర లేచి ఆరు అంకెలు చదివాడు. నా చేతులు వణికి రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి తెరుచుకుంది. ఆ వరసలో మిల్లుల పేర్లు, బాకీలు కనిపిస్తుంటే అత్తయ్య నా పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంది. "బీరువా తాళం నా బొడ్లె ఉంటది. దీని తాళం మనింట్ల ఎవ్వరి దగ్గర లేకపాయె బిడ్డా" అంది.

మా ఆయన కోలుకుని ఇంటికి వచ్చారు. మొదటి వారంలోనే ఇద్దరం కూర్చుని తాళాలన్నీ మా చేతుల్లోకి తెచ్చుకున్నాం. అన్ని ఖాతాలూ షాపు పేరు మీద, మా ఇద్దరి నంబర్లతో మార్చాం. పనివాళ్ళకు ఎవరి లాగిన్ వాళ్ళకే, మానేసిన రోజే అది తీసేస్తాం. ఏ సేవకు ఎప్పుడు డబ్బు కట్టాలో క్యాలెండర్ మీద రాసిపెట్టాం. అది మర్చిపోతే అద్దె కట్టని ఇల్లే. లెక్కలు మూడు చోట్ల ఉంచుతాం. క్లౌడ్‌లో ఒకటి, షాపు కంప్యూటర్‌లో ఒకటి, ఇంట్లో బయటి డిస్క్‌లో ఒకటి. ఆవకాయంతా ఒకే జాడీలో పెట్టం కదా! జీఎస్టీ పుస్తకాలను వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి కాబట్టి పాతవి కూడా తీయం. అన్నిటికంటే ముఖ్యం, నెలకోసారి ఒక పాత బిల్లును ఆ కాపీలోంచి తెరిచి చూస్తాను. 2009 నేర్పిన పాఠం అది.

2022 నవంబర్‌లో అమెజాన్ వాళ్ళు హైదరాబాద్‌లోనే తమ క్లౌడ్ కేంద్రాలు తెరిచారు. అంతకుముందు మన దేశంలో ముంబైలోనే ఉండేవి. మబ్బులు మా ఊరికి సుమారు 150 కిలోమీటర్ల దూరానికి వచ్చేశాయన్నమాట. కానీ తాళం మన దగ్గర లేకపోతే అవి పక్క వీధిలో ఉన్నా ఒకటే.

ఇప్పుడు మా బీరువాలో అత్తయ్య నగల పెట్టె పక్కన ఒక చిన్న నోటు పుస్తకం ఉంది. ఏ ఖాతా ఎవరి పేరు మీద ఉంది, ఏ నంబరుకు ఓటీపీ వస్తుంది, దారి మూసుకుపోతే ఎలా తెరవాలి అన్నీ నా చేతిరాతతో ఉన్నాయి. పాపకు చూపించాను. వచ్చే దీపావళికి బొట్టు దానికే.

మీ ఇంట్లో వ్యాపారం ఉంటే, ఆ తాళాలు ఎవరి దగ్గరున్నాయో మీకు తెలుసా? తెలియకపోతే ఈ రాత్రి భోజనాలయ్యాక ఒకసారి అడగండి. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని వెతుక్కోవలసిన విషయం కాదది.